గుమ్మం దాకా

ఫోను మోగినప్పుడు జెబమలర్ చేతులు రెండూ పనిలో ఉన్నాయి. చక్రాల కుర్చీకి అడ్డంగా పెట్టుకున్న చెక్క చట్రం మీద మెరూన్ పట్టుగుడ్డ బిగించి ఉంది. గుడ్డ కింద ఎడమ చేయి దారం అందిస్తుంటే, పైన కుడి చేయి కొక్కెం సూదిని దింపి, ఆ దారాన్ని పైకి లాగి, ఒక్కో ముత్యాన్నీ కూరుస్తోంది. ఆరీ కుట్టుతో ఒక చిక్కుంది. మధ్యలో వదిలేస్తే అల్లినదంతా ఒక్క లాగుడుకు ఊడి వచ్చేస్తుంది. అందుకని నెమలి మెడ వంపు చివర ముడి వేసి, దారం తెంచి, అప్పుడు ఫోను అందుకుంది.

తమిళంలో రెండు ముక్కల మెసేజి. 'డెలివరీకి వచ్చాం. కస్టమర్ ఇంట్లో లేరు.'

ఆమె తలెత్తి గుమ్మం వైపు చూసింది. తలుపు పొద్దున ఏడింటి నుంచీ బార్లా తెరిచే ఉంది. కుర్చీకీ గుమ్మానికీ మధ్య నాలుగడుగులు. సందులో ఎవరు నడిచినా వాళ్ళ నీడ ముందు ఆమె చట్రం మీద పడి, తరువాత వాళ్ళు పోతారు. ఈ పొద్దు పాల మనిషి నీడ పడింది, ఎదురింటి ఆరాయత్త నీడ నాలుగుసార్లు పడింది. బండి నీడ పడలేదు.

యాప్‌లో ఉన్న నంబరు నొక్కింది.

"వచ్చాను మేడం. తలుపు తాళం వేసి ఉంది" అన్నాడతను తమిళంలో. గొంతు కుర్రగొంతు కాదు, ముప్ఫై ఏళ్ళ మనిషిది.

"నా తలుపు ఏ రంగు?" అని ఆమె తమిళంలోనే అడిగింది.

అవతల లారీ హారన్ వినిపించింది.

"టీ కొట్లో పెట్టేస్తాను, ఆ ఓటీపీ చెప్పండి" అన్నాడు కాసేపటికి.

"అది టీ కొట్లో పెట్టే పార్సిల్ కాదు. నా చేతికి ఇవ్వాలి. నేను చక్రాల కుర్చీలో ఉంటాను. అడ్రసు కింద ఆ మాటా రాశాను. చదివారా?"

"చదివాను" అన్నాడు. "రేపు చూస్తాను" అని పెట్టేశాడు.

చదవలేదని ఉంటే ఆమెకు అంత కోపం వచ్చేది కాదు.

కోయంబత్తూరులో ఆ చోటును అరవై ఇళ్ళ కాలనీ అంటారు. ఊరు ఊడవడానికీ, కాలువలు ఎత్తడానికీ ఎప్పుడో తెచ్చి పెట్టిన తెలుగు కుటుంబాలవి. ఇళ్ళు ఇప్పుడు రెండు వందలు దాటాయి గానీ పేరు మారలేదు. గ్యాస్ బండ తెచ్చేవాడూ, కొరియర్ వాడూ కాలనీ మొదట్లో ఉన్న టీ కొట్టు దాకా వచ్చి ఆగిపోతారు. అక్కణ్ణుంచి ఎవరి సామాను వాళ్ళు మోసుకోవాలి. నడవగలిగిన వాళ్ళకు అది అలవాటైపోయింది. జెబమలర్ నడుము కింద స్పర్శ పోయి ఆరేళ్ళు. అమ్మ పోయిన ఏడాదిన్నర నుంచీ ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఉండగలిగిందంటే అది ఆ ఫోను వల్లనే. రెండు కిలోల బియ్యం సంచులు, ఎందుకంటే ఒళ్ళో పెట్టుకుని ఎత్తగలిగేది అంతే. అటక మీది డబ్బాను పట్టి దించే పొడుగు కర్ర. ముత్యాలు, జరీ, సూదులు. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ తెచ్చిన సబ్బే సబ్బు. ఇప్పుడు నాలుగు రకాలు చూసి, చందనం వాసనది వద్దని నిమ్మది తెప్పించుకుంటుంది.

మిగతావి టీ కొట్లో పెట్టినా ఓర్చుకుంది. పోయిన నెల వచ్చినది మాత్రం ట్యూబుల పెట్టె. పూటకొకటి చొప్పున రోజుకు నాలుగు, ఒంటికి పోవడానికి తనే పెట్టుకుని తీసేవి. టీ కొట్టు చిన్నప్పన్ దాన్ని బన్నుల బుట్ట మీద పెట్టాడు. అట్ట చిరిగి ఉంది. బెంచీ మీద కూర్చున్న ఎవరో, ఆరాయత్త దాన్ని తీసుకోవడానికి వెళ్ళినప్పుడు, అది దేనికి వాడతారో పక్కవాడికి వివరిస్తున్నాడట. అందుకే ఈసారి ఓటీపీ చెబితే తప్ప ఇవ్వకూడదని పెట్టింది. దగ్గరి మెడికల్ షాపుల్లో ఆమె వాడే సైజు ఉండదు. పెద్దాసుపత్రి ఎదుటి షాపులో అడిగితే వారం పడుతుందన్నారు.

జెబమలర్ మంచం కింది డబ్బా లాగి చూసుకుంది. ఏడు ఉన్నాయి.

*

శుక్రవారం ఆమె పనికి కూర్చోలేదు. పది గంటలకు తలుపు దగ్గరగా వేసి, కుర్చీని తోసుకుంటూ సందులోకి వచ్చింది. ఆరాయత్త చీర కొంగు దోపుకుని వెనకే వచ్చి కుర్చీ పిడులు పట్టుకుంది. ఆమె కార్పొరేషన్‌లో ముప్ఫై ఏళ్ళు ఊడ్చి రిటైరైన మనిషి.

"యాడికి పాపా, ఈ ఎండలో?"

"మొదట్లో కూచుంటా అత్తా. వాడు ఇంటికి రాడు గదా, నేనే పోయి వాని ముందర ఉంటే ఏమి చెప్తాడో చూస్తా."

"నాకు చెప్పుంటే నేనే పార్సిలు వాంగిక్కొని వచ్చేదాన్ని గదా."

"నా చేతికే ఇయ్యల్ల."

కాలువ మీద పలక ఒకటి విరిగి ఉంది. ఆరాయత్త కుర్చీని వెనక్కి వంచి, ముందు చక్రాలు గాల్లోకి లేపి, ఒక్క తోపుతో దాటించింది. ముప్ఫై ఏళ్ళు చెత్త బండి తోసిన చేతులవి. ఇద్దరూ కాలనీ బోర్డు పక్కన, రేకు నీడలో ఆగారు. జెబమలర్ సీసా తెచ్చుకుంది గానీ మూత తీయలేదు. నీళ్ళు తాగితే ట్యూబు కావాలి. పొద్దున్నుంచీ నాలిక తడవడానికి మాత్రం తాగింది.

పదకొండున్నరకు బండి వచ్చింది. వెనక పెద్ద నల్ల సంచీ, హెల్మెట్ అద్దం దించి ఉంది, ముక్కు మీదకి గుడ్డ. రోడ్డు అవతలే ఆపాడు. సంచీ తెరిచి పార్సిల్ తీసి చూశాడు. ఆ పెట్టెను ఆమె దూరం నుంచే గుర్తు పట్టింది. అతను ఫోను చూడటానికి అద్దం ఎత్తాడు. చెమట పట్టిందేమో, గుడ్డ గడ్డం కిందికి లాగాడు.

జెబమలర్ చేయి ఎత్తింది. అతను చూశాడు. కుర్చీని చూశాడు, ఆమెను చూశాడు, తరువాత ఆమె వెనక చూశాడు.

ఆరాయత్త ఒక అడుగు ముందుకు వేసింది. కళ్ళ మీద చేయి అడ్డం పెట్టుకుంది.

"శబరి?" అంది. ఆ తరువాత గట్టిగా, "ఏయ్ శబరీ! నువ్వు శబరి గదరా?"

అతని ముఖం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. అద్దం దిగింది. పార్సిల్ సంచీలోకి వెళ్ళింది. బండి తిరిగి, బస్సు వెనకాల నుంచి దూరి, అవినాశి రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

ఐదు నిమిషాలకు ఫోను మోగింది. 'కస్టమర్ పార్సిల్ వద్దన్నారు. అమ్మినవారికి తిరిగి పంపుతున్నాం.'

చిన్నప్పన్ టీ వడగడుతూ, "వాళ్ళు లోపలికి రార్లేమ్మా, వాళ్ళతో ఎందుకు తగాదా" అన్నాడు. జెబమలర్ అతని వైపు చూడలేదు. ఫోను ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. ఆరాయత్త ఇంకా రోడ్డునే చూస్తోంది.

సాయంత్రం ఆరాయత్త వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"అన్నూరులో నా చెల్లెలు ఉండె గదా, అది పోయింది చూడు. దాని కొడుకు వాడు" అంది. "అది పోయినప్పుడు వాన్ని మూడు నెలలు నేను పెట్టుకొని ఉంటి. రెండేండ్లాయె, ఫోను చేస్తే ఎత్తడు. పెండ్లి చేసుకున్నాడంట. వేరేవాళ్ళు చెప్తే తెలిసింది."

"నిన్ను చూసే పోయినాడా?"

"నన్ను చూసేదానికి ముందరే నిన్ను చూసినాడు పాపా. నా గొంతు వినే పోయినాడు." ఆమె చీర అంచు వేళ్ళతో మడత పెడుతోంది. "ఎవుళ్ళో మన ఆళ్ళు కాని చోట ఉండాడంట. ఊరు అన్నూరు అని చెప్తాడంట, పేరు శబరి అని చెప్తాడంట, అంతకు మించి అడగకుండా చూసుకుంటాడంట."

నిన్నటి నుంచీ జెబమలర్ మనసులో ఒక మనిషి ముఖం ఉంది. కాలనీ అంటే ముక్కు మూసుకునే మనిషి ముఖం. ఆ ముఖం మీద వేయాలని మాటలు కూడబెట్టుకుంది. ఇప్పుడు ఆ మాటలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కాసేపటికి కోపం రెండింతలై తిరిగి వచ్చింది. తనవాడై ఉండి ఈ పని చేశాడు.

దిండిగల్ నుంచి అన్న జీవా ఫోను చేశాడు. గొంతు వినగానే పసిగట్టాడు.

"ట్యూబులు రాలేదా? మల్లా అదే కథనా? పోయిన తూరి జ్వరమొచ్చి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంటివి, గుర్తుండాదా? ఇంగొక్క తూరి అట్ల అయితే నేను వచ్చి నిన్ను ఎత్తుకొని పోతా మలర్. వెనక రూము ఖాళీగా ఉండాది. మీ వదిన చూసుకుంటాది."

"ఎత్తుకొని పోయేదానికి నేనేమన్నా మూటనా అన్నా?"

"నీ మంచికి చెప్తుండా."

"తెలుసు" అంది. వదిన మంచిదే. ఆ వెనక రూముకు తలుపు లేదు, తెర ఉంది. ఎవరు ఎప్పుడు ఏం తెచ్చి పెడితే అదే తినాలి, అదే కట్టుకోవాలి. సబ్బు కూడా.

డబ్బాలో రెండు మిగిలాయి. ఒకటి పడుకునే ముందు వాడింది. నీళ్ళ చెంబును చేతికి అందనంత దూరం జరిపింది.

*

శనివారం ఎనిమిదింటికి చివరి ట్యూబు వాడి, ఆటో పిలిపించుకుంది. కుర్చీని మడిచి డ్రైవరు వెనక ఇరికించాడు. గణపతి అనే పేట దాటాక, గోడౌన్లు ఉన్న వీధిలో, ఆ డెలివరీ కంపెనీ రేకుల షెడ్డు. లారీల నుంచి సరుకు దించే అరుగు నడుమెత్తు ఉంది. దానికి మెట్లే గాని వాలు లేదు. జెబమలర్ కిందే ఆగింది. పైన పదిమంది బార్‌కోడ్ మిషన్లతో పార్సిళ్ళు గీస్తున్నారు. కీచు, కీచు, కీచు. మిషన్ మోగడం తప్ప ఎవరూ మాట్లాడటం లేదు.

దారి పొడుగునా ఆమె ఒకే వాక్యం సిద్ధం చేసుకుంటూ వచ్చింది. తెలుగులో, గట్టిగా, అందరి ముందూ అనాలి. 'ఏమి శబరీ, మీ ఆరాయి పెద్దమ్మ పిలిస్తే కూడా వినపడలేదా నీకు?' అంతే. ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. భూములున్నవాళ్ళు, మిల్లులున్నవాళ్ళు కూడా ఉన్నారు. కానీ కాలనీ తెలుగు వేరు. వినగానే తెలిసిపోతుంది. పైగా ఆరాయి అన్న పేరు, ఆమె ఇంటి అడ్రసు. ఇంకేం కావాలి?

మేనేజర్ కృష్ణరాజ్ దిగి వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, నుదుటన విభూతి, మర్యాదగా మాట్లాడాడు. ట్యాబ్‌లో చూశాడు.

"కస్టమర్ వద్దన్నారని ఉంది మేడం."

"వద్దనే మనిషినైతే ఇంత దూరం ఎందుకు వస్తాను సార్?"

అతను అడ్రసు చదివాడు. ముఖం కొంచెం మారింది. గొంతు తగ్గించి, ఆమెను ఓదారుస్తున్నట్టుగా అన్నాడు. "తప్పుగా అనుకోకండి. ఆ ఏరియా అంటే మావాళ్ళు వెళ్ళడానికి కాస్త ఆలోచిస్తారు. మీరు చూస్తే చదువుకున్నవారిలా ఉన్నారు. మీలాంటివాళ్ళు వేరే చోట ఉండవచ్చు కదా." తరువాత పైకి కేక వేశాడు. "శబరీ! ఇలా రా."

అతను వచ్చాడు. హెల్మెట్ లేదు. పల్చటి మనిషి, గడ్డం రెండు రోజులది. చేతిలో మిషన్ అలాగే ఉంది. జెబమలర్‌ను చూసి మెట్టు మీద ఆగిపోయాడు.

"ఇదిగో, ఇతను" అన్నాడు కృష్ణరాజ్. "మా దగ్గర ఒక్క కంప్లైంట్ లేని మనిషి. పద్ధతైనవాడు. మా బావగారింట్లో పైవాటా నేనే ఇప్పించాను. వాళ్ళు ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వరు. ఆ కాలనీ పక్కకే వెళ్ళనంటాడు, ఇంత శుద్ధం పాటించేవాణ్ణి నేను చూడలేదు." నవ్వాడు. అరుగు మీద ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు.

శబరి నవ్వలేదు. అతని బొటనవేలు మిషన్ మీట మీద ఉంది. ఎర్ర వెలుగు గచ్చు మీద పడుతోంది, ఆరుతోంది, మళ్ళీ పడుతోంది. గీయడానికి అక్కడ ఏమీ లేదు.

"చెప్పండి మేడం" అన్నాడు కృష్ణరాజ్. "ఇతను రాలేదా, మీరు లేరా? ఇతని తప్పే అయితే మీరు ఒక్క మాట రాసివ్వండి, ఇప్పుడే ఐడీ తీసేసి ఇంటికి పంపించేస్తాను."

వాక్యం నాలిక మీదకు వచ్చింది. జెబమలర్ నోరు తెరిచింది కూడా. శబరి కళ్ళు ఎత్తి ఆమెను చూశాడు. నిన్న రోడ్డు అవతలి నుంచి చూసిన చూపే. అందులో బతిమాలడం కూడా లేదు. దెబ్బ ఎటునుంచి పడుతుందో తెలిసినవాడు పడేదాకా నిలబడి ఉన్నట్టున్నాడు.

ఆ వాక్యం అంటే ఏమవుతుంది? వీళ్ళు ముందు నిశ్శబ్దమైపోతారు. తరువాత నవ్వుతారు, ఇందాకటి కంటే గట్టిగా. ఇతను నిజంగా ఫలానా అని ఆమె చెప్పినట్టవుతుంది. అంటే తన ఇల్లూ, ఆరాయత్త పేరూ, అమ్మ మాట్లాడిన మాటా, అన్నీ ఇక్కడ ఒక తిట్టుగా పనికొస్తాయి. తిట్టింది తనే అవుతుంది.

"ఇతను కాలనీ మొదటి దాకా వచ్చారు" అంది తమిళంలో. గొంతు ఆరిపోయి మాట బొంగురుగా వచ్చింది. "గుమ్మం దాకా రాలేదు. అంతే. నా పార్సిల్ ఇప్పించండి. మంగళవారం నాకు ఇంకోటి వస్తుంది. అది ఇంటికి తేవాలి."

"తప్పకుండా. వేరేవాణ్ణి పంపిస్తాను."

"వేరేవాళ్ళు వద్దు సార్. ఇతనే తేవాలి."

కృష్ణరాజ్ ఆమెనూ అతన్నీ మార్చి మార్చి చూశాడు. "సరే. నేను కూడా వెనకాల వస్తాను. కంప్లైంట్ మూయాలంటే ఫొటో పెట్టాలి."

శబరి పెట్టె తెచ్చి ఆటో దాకా మోసుకొచ్చాడు. ఆటో డ్రైవరు కుర్చీ మడవడానికి వెనక్కి వెళ్ళాడు. అప్పుడు శబరి మొదటిసారి తెలుగులో మాట్లాడాడు, పెదవులు కదిలీ కదలకుండా.

"అక్కా, పెండ్లాము నిండు నెలలు. ఇప్పుడు ఇల్లు ఖాళీ చెయ్యమంటే యాడికి పోయేది? మంగళవారం వేరేవాన్ని రమ్మని చెప్పక్కా. పెద్దమ్మ పిలుస్తాది. ఆమె పిలిస్తే నేను..." ఆగిపోయాడు.

"నిన్న నేను నీళ్ళు తాగలే" అంది జెబమలర్. "ఈ పొద్దూ తాగలే. ఏలనో తెలుసునా? నీ చేతిలో ఉండేది నాకు రాలే గనక. నువ్వు నన్ను చూసి తిరిగి పోయినావు."

అతను పెట్టెను సీటు మీద ఆమె పక్కన పెట్టాడు. అది జారకుండా చేతితో ఒకసారి సర్దాడు.

"పెద్దమ్మ పిలవదు" అందామె. "నేను చెప్తా. నువ్వు రా."

*

ఆదివారం చర్చి నుంచి వచ్చాక జెబమలర్ ఆరాయత్తను పిలిచి జరిగింది చెప్పింది. ఆరాయత్త చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది. వింటున్నంతసేపూ రాళ్ళు ఏరుతూనే ఉంది, వడ్లగింజలు పక్కకు పెట్టి బియ్యం కూడా పక్కకు తోసేస్తోంది.

"నేను ఎత్తి తిరిగిన బిడ్డ వాడు. నా చెయ్యి మీద ఉచ్చ పోసినాడు. వాన్ని నేను ఎవురో అన్నట్ట చూడాల్నా?"

"ఆ మేనేజరు వెనకాలే ఉంటాడత్తా. నువ్వు శబరీ అంటే ఆ పొద్దే వాళ్ళు వీధిలో ఉంటారు. ఆ పిల్ల నిండు చూలాలు."

"చూలాలా?" ఆరాయత్త చేయి ఆగింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. "నువ్వేల వాన్నే రమ్మంటివి మల్లా? వేరేవాడు వస్తే సరిపోయుండు గదా."

"ఇంగొకడు వస్తే వాడూ టీ కొట్లోనే పెడతాడు" అంది జెబమలర్. అది నిజమే గాని మొత్తం నిజం కాదు. అతను తన గుమ్మం చూడాలని ఆమెకు ఉంది. శిక్షగానో, మరి దేనిగానో, ఆమెకే తెలియదు.

"సరె" అంది ఆరాయత్త. "నేను లోపల ఉండిపోతా."

కానీ మంగళవారం పదింటికే వచ్చి తన గుమ్మంలో కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. అంతకుముందే సందంతా తిరిగి, డెలివరీ మనిషి వస్తే ఎవరూ పలకరించకూడదని చెప్పి వచ్చింది. ఎందుకని అడిగినవాళ్ళను కసిరింది.

పన్నెండు కావస్తుండగా రెండు బండ్లు సందు మొగలో ఆగాయి. విరిగిన పలక దగ్గర కృష్ణరాజ్ దిగి, కాలువను చూసి, జేబురుమాలు తీశాడు. అక్కడే నిలబడి ఫోను ఎత్తి పట్టుకున్నాడు. "నువ్వు వెళ్ళు, ఇక్కణ్ణుంచి తీస్తాను" అన్నాడు.

శబరి హెల్మెట్ తీయలేదు, కానీ అద్దం ఎత్తే ఉంది. పెట్టె రెండు చేతులతో పట్టుకుని నడిచి వచ్చాడు. గుమ్మాల్లో ఆడవాళ్ళు వెల్లుల్లి ఒలుస్తున్నారు, గిన్నెలు తోముతున్నారు. ఎవరూ తలెత్తలేదు. అంతమంది ఒక్కసారి తలవంచుకుని పని చేయడం ఆ సందులో ఎప్పుడూ జరగలేదు. అతని అడుగులు మెల్లగా పడ్డాయి. జెబమలర్ సూది గుడ్డలో దించి అలాగే పట్టుకుంది.

"ఎవరింటికి తంబీ?" అంది ఆరాయత్త. తమిళంలో. తెలియని మనుషులతో మాట్లాడే గొంతు.

శబరి ఆగాడు. "పద్నాలుగో నంబరు" అన్నాడు తమిళంలోనే.

"అదే" అని ఆమె ఎదురింటికి చేయి చూపించింది. చూపించిన చేయి దించడం మరిచిపోయింది.

అతను జెబమలర్ గుమ్మం దగ్గరికి వచ్చాడు. "ఓటీపీ మేడం?" ఆమె ఆరు అంకెలు తమిళంలో చెప్పింది. అతను నొక్కాడు. మొదటిసారి తప్పు పడింది, మళ్ళీ చెప్పించుకుని నొక్కాడు. కృష్ణరాజ్ దూరం నుంచి ఫొటో తీసి బొటనవేలు ఎత్తి చూపాడు, తరువాత అటు తిరిగి ఎవరితోనో ఫోనులో మాట్లాడటం మొదలుపెట్టాడు.

పెట్టె గుమ్మంలో పెట్టి వెళ్ళిపోవచ్చు. శబరి లోపలికి చూశాడు. కుర్చీ, చట్రం, కింది అరలోనే సర్దిన డబ్బాలు, గోడకు ఆనించిన పొడుగు కర్ర. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ఆమె చేతికి అందే ఎత్తులో, డబ్బాల పక్కన పెట్టెను పెట్టాడు. కొంచెం బయటికి జరిపాడు, పట్టుకోవడానికి వీలుగా.

బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఆరాయత్త మళ్ళీ తమిళంలోనే అంది. "ఎండ ఎక్కువగా ఉంది తంబీ. చూసుకుని వెళ్ళండి."

అతను వంగి ఉన్నాడు. ఆ చెప్పు వేసుకోవడానికి అంతసేపు పట్టదు.

"సరె పెద్దమ్మా" అన్నాడు తెలుగులో.

పైకి లేచి, తిరిగి చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు. బండ్లు రెండూ స్టార్టయ్యాయి. సందులో మాటలు మళ్ళీ మొదలయ్యాయి, ముందు ఒకటి రెండు ఇళ్ళలో, తరువాత అంతటా.

ఆరాయత్త లేచి, సందు దాటి వచ్చి, జెబమలర్ గుమ్మంలో కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"విన్నావా?"

"విన్నా అత్తా."

"చిక్కిపోయినాడు. గడ్డం కూడా గీక్కోలే." సందు మొగ వైపు చూసింది. "మల్లా నీకు ఎప్పుడు వస్తాది పార్సిలు?"

"ఇంగ నెలాఖరుకే. అన్నీ వచ్చేసినాయి."

ఆరాయత్త తల ఊపింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. లేవబోతున్నట్టు చేతులు నేలకు ఆనించి, మళ్ళీ కూర్చుంది.

జెబమలర్ సూది వదలాలంటే ముడి వేయాలి. ముడి వేసింది. ఫోను తీసుకుంది.

"నీకు ఏమి కావల్ల చెప్పత్తా."

"నాకేమి కావల్ల?"

"ఏందో ఒకటి. ఊరికే రమ్మంటే రాలేడు గదా."

ఆరాయత్త తన జీవితంలో ఫోనులో ఏదీ కొనలేదు. ఆలోచించింది. ఇంట్లోకి చూసింది, సందులోకి చూసింది, జెబమలర్ ముఖంలోకి చూసింది.

"దువ్వెన" అంది.

జెబమలర్ వేలితో పైకి తోసుకుంటూ పోయింది. వందల దువ్వెనలు. "ఏ రంగు కావల్ల? ఇదిగో చూడు, ఎర్రది ఉండాది, నల్లది, చెక్కతో చేసింది కూడా ఉండాది."

ఆరాయత్త ఫోను వైపు చూడనైనా లేదు.

"ఏ రంగైనా పరవాలే పాపా. అది ఏ పొద్దుకు వస్తాదో చెప్పు."